మర్నాడు పనికెలా వెళ్ళారు టీచర్?

అమెరికా పౌరహక్కుల ఉద్యమం పాఠాన్ని మొదటి మూడేళ్ళూ నేను తప్పుగానే చెప్పాను. తారీకులు, పేర్లు అన్నీ కరెక్టే. కానీ కథ చెప్పినట్టు చెప్పాను. రోజంతా పనిచేసి అలసిపోయిన ఒక నల్లావిడ బస్సులో తెల్లాయనకి సీటు ఇవ్వనంది, పోలీసులు పట్టుకెళ్ళారు, ఆ ఊరి నల్లవాళ్ళంతా బస్సులెక్కడం మానేశారు, ఒక పాస్టరు గొప్ప ఉపన్యాసం ఇచ్చాడు, చట్టం వచ్చింది, ఈలోగా గంట కొట్టారు, అయిపోయింది. పిల్లలు బుద్ధిగా నోట్సు రాసుకుని పరీక్షలో దాన్నే తిరిగి రాసేవాళ్ళు, నేను నాలుగుకి నాలుగు వేసేదాన్ని.

నాలుగో ఏడు తొమ్మిదో తరగతిలో, ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూసే ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "బస్సు ఎక్కడం మానేశారు సరే, మర్నాడు పనికెలా వెళ్ళారు టీచర్?" అన్నాడు. నడిచి వెళ్ళారన్నాను. ఎంత దూరం? ఏమో. ఎన్ని రోజులు? 381. "అన్ని రోజులూ నడిచారా? ముసలివాళ్ళు కూడానా? వానొస్తేనో?" నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానని ఆ రోజుకి తప్పించుకున్నాను.

ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెడితే తెలిసింది, నేను ఇన్నాళ్ళూ పాఠంలో అసలు సంగతి వదిలేసి చెప్తున్నానని. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో 1955 డిసెంబర్ 1న రోజా పార్క్స్ అరెస్టయింది గురువారం సాయంత్రం. సోమవారం పొద్దున బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. మధ్యలో ఉన్నది మూడు రోజులు. ఫోన్లు అందరికీ లేని రోజుల్లో, ఒక ఊళ్ళో వేలాదిమంది ఒకే పొద్దున ఒకే పని మానేయాలంటే ఎవరో ఒకరు రాత్రంతా మేలుకోవాలి. ఆ మేలుకున్నావిడ పేరు జో ఆన్ రాబిన్సన్. అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేది. ఇద్దరు విద్యార్థుల్నీ ఒక సహోద్యోగినీ వెంటబెట్టుకుని, కాలేజీలో ఉన్న సైక్లోస్టైల్ మిషను మీద తెల్లారేదాకా కరపత్రాలు వేసింది, వేలకి వేలు. (పరీక్ష పేపర్లు వేసుకునే మిషను మీద అన్నమాట. ఇది చెప్పగానే మా పిల్లలు స్టాఫ్‌రూం వైపు చూశారు.) పైగా ఆవిడ అప్పటికప్పుడు అనుకుని చేసిన పని కాదిది. నల్లవాళ్ళతో బస్సుల్లో మర్యాదగా ఉండకపోతే బహిష్కరణ తప్పదని 1954 మే నెలలోనే మేయరుకి ఉత్తరం రాసింది. అంటే రోజా పార్క్స్ అరెస్టుకి ఏడాదిన్నర ముందు.

రోజా పార్క్స్ కూడా అంతే. దర్జీ పని చేసేది నిజమే, కానీ ఆ ఊళ్ళో నల్లవారి హక్కుల సంఘానికి ఏళ్ళ తరబడి కార్యదర్శి. అదే ఏడాది వేసవిలో టెనెసీలోని హైలాండర్ స్కూలుకి వెళ్ళి ఉద్యమాలు నడపడం గురించి తరగతులకి హాజరైంది. అప్పుడామెకి 42 ఏళ్ళు. తాను అలసిపోయింది ఒంటితో కాదు, లొంగి లొంగి అలసిపోయానని తర్వాత తనే రాసుకుంది. ఇంకో సంగతి, ఆమె తెల్లవాళ్ళ సీట్లో ఏమీ కూర్చోలేదు, వాటి వెనక వరసలో కూర్చుంది. ముందు సీట్లు నిండిపోయి ఒక్క తెల్లాయన నిలబడితే, అతని కోసం ఆ వరసలో ఉన్న నలుగుర్నీ లేవమన్నాడు డ్రైవరు, ఎందుకంటే ఒకే వరసలో కలిసి కూర్చోకూడదు. ముగ్గురు లేచారు. ఒక్కడి కోసం నలుగురు లేవడమనే ఈ లెక్క బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తే క్లాసులో ఎవరికీ వేర్పాటు, అంటే తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ విడివిడిగా ఉంచడం, అంటే ఏమిటో ఇంకో నిర్వచనం అక్కర్లేదు.

ఇప్పుడు నేను ఈ పాఠాన్ని ఆ అబ్బాయి ప్రశ్నతోనే మొదలుపెడతాను. తలో చీటీ ఇస్తాను. ఒకరు తెల్లవాళ్ళ ఇంట్లో వంట చేసే ఆవిడ, పొద్దున ఏడింటికల్లా ఊరికి అవతలి కొసన ఉండాలి. ఒకరు నర్సు, రాత్రి డ్యూటీ. ఒకరు మోకాళ్ళ నొప్పుల ముసలావిడ. ఒకరికి కారుంది కానీ ఉద్యోగం పోతుందని భయం. ఒకరు టాక్సీ డ్రైవరు, ఒకరు పాస్టరు, ఒకరు మేయరు. రేపట్నుంచి బస్సుల్లేవు, ఏం చేస్తారో మీరే తేల్చుకోండి అని పక్కకి జరుగుతాను. మొదటి పది నిమిషాలు సంత. తర్వాత నెమ్మదిగా ఎవరో ఒకరు "కార్లున్నవాళ్ళంతా ఇటు రండి" అంటారు. మాంట్‌గోమరీలో జరిగిందీ అదే, దాదాపు 300 కార్లు పోగయ్యాయి, ఎక్కే చోట్లు, దిగే చోట్లు, టైము అన్నీ రాసిపెట్టుకుని నడిపారు. మొదట టాక్సీవాళ్ళు బస్సు చార్జీ అయిన పది సెంట్లకే ఎక్కించుకున్నారు.

అప్పుడు మేయరు చీటీ ఉన్న పిల్లని నేను చెవిలో అడుగుతాను, నువ్వేం చేస్తావు అని. అక్కడ మాంట్‌గోమరీలో అధికారులు టాక్సీకి కనీసం 45 సెంట్లు తీసుకోవాల్సిందేనని రూలు గుర్తుచేశారు. పోలీసులు చిన్నచిన్న సాకులతో కారు డ్రైవర్లకి జరిమానాలు రాశారు. కార్లకి ఇన్సూరెన్సు రద్దయ్యేలా చూస్తే, ఉద్యమంవాళ్ళు ఏకంగా లండన్‌లోని లాయిడ్స్ దగ్గర ఇన్సూరెన్సు తెచ్చుకున్నారు. ఇన్సూరెన్సు గురించి తొమ్మిదో తరగతి పిల్లలు ఇంత ఉత్సాహంగా మాట్లాడుకోవడం నేనింకెక్కడా చూడలేదు! పోయినేడాది ఇంటి యజమానురాలి చీటీ వచ్చిన అమ్మాయి "నా ఇంట్లో పనెవరు చేస్తారు, నేనే కారేసుకుని వెళ్ళి ఆవిణ్ణి తెచ్చుకుంటా" అంది. అక్కడా చాలామంది తెల్ల గృహిణులు సరిగ్గా ఇదే చేశారు, మేయరు వాళ్ళని బహిరంగంగా తప్పుపట్టాడు కూడా. ఈ సంగతి చెప్పేసరికి ఆ అమ్మాయి, తానేదో పరీక్షలో పాసయినట్టు మొహం పెట్టింది.

డబ్బెక్కడిది అని కూడా అడుగుతారు, అడగాలి కూడా. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ, కొంతమంది ఆడవాళ్ళని కూడగట్టి, కేకులూ భోజనాలూ అమ్మి ఆ డబ్బు తెచ్చి ఉద్యమానికి ఇచ్చేది. ఎక్కడిదమ్మా ఈ డబ్బంటే 'ఎక్కణ్ణుంచీ కాదు' అనేవాళ్ళట, పేర్లు బయటపడితే పనులు పోతాయి మరి. అందుకే వాళ్ళ గుంపు పేరు కూడా 'ఎక్కడా లేని క్లబ్బు' అన్న అర్థం వచ్చేలా పెట్టుకున్నారు.

ఇంకొకటి చెప్పాలి. మొదట్లో వాళ్ళు అడిగింది ఎంత తక్కువో చూస్తే మతిపోతుంది. మర్యాదగా మాట్లాడండి, వెనకనుంచి మేము, ముందునుంచి మీరు, ఎవరు ముందొస్తే వాళ్ళు కూర్చుందాం, నల్లవాళ్ళు ఎక్కువగా తిరిగే రూట్లలో నల్ల డ్రైవర్లని పెట్టండి. ఇంతే! వేర్పాటు ఎత్తేయమని కూడా కాదు. ఆ కాస్తకీ ఒప్పుకోలేదు, 1956 జనవరి 30న ఉద్యమాన్ని నడిపిస్తున్న పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు, దాంతో అడిగేది పెరిగింది. కోర్టుకెళ్ళారు. ఆ తర్వాత 1921 నాటి చట్టమేదో దుమ్ము దులిపి నాయకుల మీద కేసులు కూడా పెట్టారు. 1956 నవంబర్ 13న సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. అదే రోజు మాంట్‌గోమరీలో స్థానిక కోర్టు ఈ కార్ల ఏర్పాటు ఆపేయమని ఆర్డరిచ్చింది. దాంతో ఉత్తర్వు చేతికొచ్చి డిసెంబర్ 20న బహిష్కరణ ఆపేదాకా, గెలిచిన తర్వాత కూడా, ఇంకో నెల పైన నడవాల్సి వచ్చింది. కిటికీ అబ్బాయికి జవాబు ఇన్నాళ్ళకి దొరికింది, వాడు అప్పటికి పై తరగతికి వెళ్ళిపోయాడు.

ఇక క్లాడెట్ కాల్విన్ గురించి చెప్పాలా వద్దా అని నేను చాలా తటపటాయించాను. పదిహేనేళ్ళ స్కూలు పిల్ల. రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, 1955 మార్చి 2న, స్కూలునుంచి ఇంటికొస్తూ ఇలాగే లేవనంది, అరెస్టయింది. ఆ ముందు నెలంతా వాళ్ళ బళ్ళో నల్లవారి చరిత్ర పాఠాలు చెప్పారు. బానిసల్ని తప్పించి తీసుకెళ్ళిన హ్యారియట్ టబ్‌మన్ ఒక భుజం మీద, బానిసత్వాన్ని ఎదిరించిన సొజర్నర్ ట్రూత్ ఇంకో భుజం మీద చెయ్యేసి నొక్కి కూర్చోబెట్టినట్టనిపించిందని ఆమె తర్వాత చెప్పింది. చరిత్ర పాఠాలు ఎందుకు పనికొస్తాయని నన్నెవరైనా అడిగితే నేనేం వాదించను, ఈ సంగతి చెప్పి ఊరుకుంటాను.

కానీ ఊరి పెద్దలు ఆమె కేసుని ముందుకి తీసుకురాలేదు. చిన్నపిల్ల, పేదిల్లు, కోపం ఎక్కువ, కొన్నాళ్ళకి గర్భవతి కూడా అయింది. ఈవిణ్ణి ముందు పెడితే పత్రికలు ఉద్యమాన్ని వదిలేసి ఈమె గురించే రాస్తాయనుకున్నారు. వాళ్ళు లెక్క వేసుకున్నది తప్పని నేననలేను, ఒప్పని కూడా అనలేను. తమాషా ఏమిటంటే సుప్రీంకోర్టుదాకా వెళ్ళి గెలిచిన ఆ బస్సుల కేసులో వాదులు నలుగురు ఆడవాళ్ళు, అందులో క్లాడెట్ కాల్విన్ ఉంది, రోజా పార్క్స్ లేదు. ఇది క్లాసులో చెప్పినప్పుడు వచ్చిన నిశ్శబ్దం మామూలుది కాదు. ఒకమ్మాయి చివరికి "అంటే మంచివాళ్ళు కూడా ఒకర్ని పక్కన పెట్టేస్తారా టీచర్" అంది. ఉద్యమాల పాఠంలో పుస్తకం ఎప్పుడూ రాయని ప్రశ్న అది. నేను జవాబు చెప్పలేదు, రాసి రమ్మన్నాను. ముప్ఫైఆరు మంది రాశారు, మామూలుగా హోంవర్కు చేసేది పాతికమందే.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒక ఏడు నాకు కొత్త ఐడియా వచ్చి, వేర్పాటు ఎలా ఉంటుందో అనుభవంలోకి రావాలని, చొక్కా మీద చీటీలు అంటించి క్లాసుని రెండు ముక్కలు చేసి సగం మందిని ఆ పీరియడంతా వెనక నేల మీద కూర్చోబెట్టాను. ఆటలాగే మొదలైంది. పావుగంటలో ముందు బెంచీలవాళ్ళకి అది బాగా నచ్చేసింది, అక్కడే నాకు భయమేసింది. గంట కొట్టాక ఒక పిల్లాడు ఆగి, "మా తాతని నిజంగానే అలా దూరంగా కూర్చోబెట్టేవాళ్ళంట టీచర్" అని చెప్పి, నేనేదో అనేలోపు వెళ్ళిపోయాడు. వాడికి ఆ అనుభవం నేను కొత్తగా ఇవ్వాల్సిన పనిలేదు, వాడింట్లో అది ఉంది. ఉన్నదాన్ని నేను అందరి ముందూ వాడిమీద మళ్ళీ ఆడాను. ఆ తర్వాత అలాంటి ఆట ఇంకెప్పుడూ ఆడించలేదు. అవమానాన్ని నటింపజేయకండి, ఏర్పాట్లని నటింపజేయండి, కారెవరిది, చందా ఎవరు రాస్తారు, మీటింగెక్కడ, అదైతే ఎవరి మనసూ నొవ్వదు, పైగా ఎక్కువ నేర్చుకుంటారు.

నటింపజేయదగిన ఇంకో పని ఉంది, అది పరీక్ష. ఐదో తరగతి చదివినట్టు రుజువు చూపలేనివాళ్ళకి ఓటు హక్కు కోసం 1964లో లూసియానాలో పెట్టిన అక్షరాస్యత పరీక్ష. 30 ప్రశ్నలు, 10 నిమిషాలు, ఒక్కటి తప్పినా ఫెయిలు. మొదటి ప్రశ్నే 'ఈ వాక్యం అంకె చుట్టూ గానీ అక్షరం చుట్టూ గానీ గీత గీయండి' అని ఉంటుంది. అంకె చుట్టూనా, అక్షరం చుట్టూనా? గీత అంటే గుండ్రంగానా? ఏది చేసినా తప్పనొచ్చు, దిద్దేవాడి ఇష్టం. నేను కొన్ని ప్రశ్నలు తెలుగులో రాసి, గడియారం చూస్తూ పెట్టాను. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి ఆరో ప్రశ్న దగ్గర పెన్ను కింద పెట్టేసి "ఇది పరీక్ష కాదు" అంది. 1965లో అలబామాలోని సెల్మా అనే ఊళ్ళో వంతెన మీద పోలీసుల దెబ్బలు తిన్నవాళ్ళు ఏం కోరి అక్కడికొచ్చారో, అదే ఏడు ఆగస్టు 6న వచ్చిన ఓటు హక్కు చట్టం ఇలాంటి పరీక్షల్ని ఎందుకు ఆపించిందో చెప్పడానికి ఆ తర్వాత నాకు ఐదు నిమిషాలు చాలింది.

హైస్కూలు పిల్లలకి హైస్కూలు పిల్లల కథే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. వర్జీనియాలో ఫార్మ్‌విల్ అనే ఊరు, మోటన్ హైస్కూలు. 180 మంది కోసం కట్టిన బడిలో 450 మందికి పైగా పిల్లలు. చాలనివాళ్ళకి తారుకాగితం కప్పిన షెడ్లు వేశారు, వానొస్తే లోపలే గొడుగులు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళమ్మాయి వాళ్ళ బృందంతో కలిసి ఏం చేసిందంటే, మీ పిల్లలెవరో బస్టాండు దగ్గర ఇబ్బందుల్లో ఉన్నారని ప్రిన్సిపాలుకి ఫోన్ చేయించి ఆయన్ని బయటికి పంపించింది, ఆయన పొడి సంతకంలా ఒక అక్షరం వేసి అన్ని క్లాసులకీ చీటీలు పంపి అందర్నీ హాల్లోకి రప్పించింది, టీచర్లని మర్యాదగా బయటికి వెళ్ళమని స్టేజీ ఎక్కి సమ్మె ప్రకటించింది. ఇక్కడ మా క్లాసు చప్పట్లు కొడుతుంది, ప్రతి ఏడూ, చప్పట్లు తప్పవు. నేను మాత్రం తలుపు వేసి వస్తాను.

వాళ్ళడిగింది కొత్త బిల్డింగు. సాయానికొచ్చిన లాయర్లు, బిల్డింగు కోసం కాదు, అసలు వేరువేరు బళ్ళే వద్దని కేసు వేస్తామంటేనే చేస్తామన్నారు. పిల్లలూ తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. 1954 మే 17న బళ్ళలో వేర్పాటు చెల్లదని తీర్పు వచ్చిన బ్రౌన్ కేసులో కలిసిన ఐదు కేసుల్లో ఇదొకటి. ఇక్కడితో ఆపేస్తే సంతోషంగా ఇంటికెళ్ళొచ్చు. కానీ ఆ కౌంటీవాళ్ళు పిల్లల్ని కలిపి కూర్చోబెట్టడం ఇష్టంలేక 1959లో ప్రభుత్వ బళ్ళన్నీ మూసేశారు, 1964దాకా తెరవలేదు. ఐదేళ్ళు. తెల్లపిల్లలకి ప్రైవేటు బడి పెట్టుకున్నారు, నల్లపిల్లల్లో చాలామందికి చదువే పోయింది. గెలుపుకి ఇంత ఖరీదు కట్టింది ఎవరంటే, ఎక్కువగా సమ్మె రోజున ఇంకా బళ్ళోనే చేరని పసివాళ్ళు. బార్బరాకి ప్రమాదమని ఇంట్లోవాళ్ళు ఆమెను తండ్రి తోబుట్టువైన వెర్నన్ జాన్స్ దగ్గరికి పంపేశారు. ఆయనప్పుడు మాంట్‌గోమరీలో పాస్టరు, ఆయన తర్వాత ఆ చర్చికి వచ్చిందే మార్టిన్ లూథర్ కింగ్.

అలబామాలోనే ఉన్న బర్మింగ్‌హామ్ దగ్గరికొచ్చేసరికి నేను నెమ్మదిస్తాను. 1963 మే 2న వెయ్యిమందికి పైగా పిల్లలు బడి మానేసి చర్చిలోంచి బారులు బారులుగా బయటికొచ్చారు, మర్నాడు వాళ్ళమీద కుక్కల్ని వదిలారు, ఫైరింజను గొట్టాలతో నీళ్ళు కొట్టారు. పెద్దవాళ్ళు అరెస్టయితే ఉద్యోగం పోతుంది, ఇల్లు గడవదు, పిల్లలకి పోయే ఉద్యోగం లేదు, అందుకని పిల్లల్ని పంపుదామన్నది కింగ్ సహచరుడు జేమ్స్ బెవెల్ ఆలోచన. కింగ్ వెంటనే ఒప్పుకోలేదు. కింగ్ దారిని ఒప్పుకోని ఇంకో నల్లవారి నాయకుడు మాల్కం ఎక్స్ అయితే పిల్లల్ని ముందుకి తోయడం మగతనం కాదని తిట్టాడు. మే 10కల్లా ఊళ్ళో వ్యాపారులతో ఒప్పందం కుదిరింది. సెప్టెంబర్ 15న అదే చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు, ముగ్గురికి పద్నాలుగేళ్ళు, ఒకరికి పదకొండు.

పంపడం ఒప్పా తప్పా అని చర్చ పెడతాను. నిరుడు ఒక తండ్రి ఈ విషయం మీద నన్ను కలవడానికి వచ్చారు, మా పిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా, చదువుకోనివ్వండి అన్నారు. ఆయన కోపంగా లేరు, భయంగా ఉన్నారు. నేను చర్చలో ఏ పక్కా తీసుకోనని చెప్పాను. నిజానికి అది పూర్తి నిజం కాదు. వేర్పాటు తప్పా కాదా అన్నదాని మీద నేను చర్చ పెట్టను, అది తేలిపోయిన విషయం. దాన్ని ఎదిరించడానికి ఏ దారి మంచిదన్నదాని మీద పెడతాను. ఈ రెండింటికీ తేడా చూపించకుండా 'రెండు వైపులా వినాలి' అనే టీచరు, నా దృష్టిలో పని తప్పించుకుంటున్నట్టే.

ఇక ఈ ఏడాది సంగతి. పాఠం అయిన వారానికి ఐదుగురు అబ్బాయిలు స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆటల పీరియడు వారానికి రెండుంటే రెండూ లెక్కలకి పోతున్నాయి, దానిమీద అర్జీ రాశారు, 31 సంతకాలు. ఒకడు మెల్లగా అన్నాడు, "మాంట్‌గోమరీలోలాగా ముందు కొంచెమే అడిగాం టీచర్, ఒకటి ఇచ్చేయమన్నాం." లెక్కల సార్ నా పక్క సీటే. నేను కాగితం చూస్తూ కూర్చున్నాను, ఆయన దిద్దుతున్న పుస్తకాలు చూస్తూ కూర్చున్నారు. హెడ్మాస్టారు పిలిచి "ఏం నేర్పుతున్నారు మేడం" అన్నారు, నవ్వుతూనే, కానీ తలుపు వేసి. సిలబస్సే సార్ అన్నాను. శుక్రవారం పీరియడు వెనక్కిచ్చారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. 1963 వాషింగ్టన్ ప్రదర్శన పాఠంలో, రెండున్నర లక్షలమంది వచ్చిన ఆ రోజు ముఖ్య ఉపన్యాసాల్లో ఒక్క ఆడమనిషికీ చోటివ్వలేదని నేను మాటవరసకి అన్నాను. ఒకమ్మాయి వెంటనే వెనక్కి తిరిగి ఆ ఐదుగుర్నీ చూసింది. శుక్రవారం గ్రౌండులో మొత్తం అబ్బాయిలే ఆడుతున్నారు, బంతీ వాళ్ళదగ్గరే, సంతకాలు మాత్రం మావి కూడా ఉన్నాయి అంది. క్లాసు గోలయిపోయింది, నేను ఆపలేదు.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏడెనిమిది మంది అమ్మాయిలు వరండాలో గుండ్రంగా కూర్చుని ఏదో రాస్తున్నారు. చూద్దామని దగ్గరికెళ్తే కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టేశారు. ఎవరికిరా అది, హెడ్మాస్టారికా అన్నాను. కాదు టీచర్, ముందు అబ్బాయిలకి, వాళ్ళు వినకపోతే అప్పుడు ఆయనకి అన్నారు. మీరు ఇప్పుడే చదవద్దు, ఇంకా మాలో మాకే ఒప్పుదల కుదర్లేదు అన్నారు.